జెర్రి అన్నారు నన్ను

నేను ఒక చిప్‌ను. నా తప్పేమీ లేకుండా నన్ను పీకేశారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

గోరంత నల్లటి ఒళ్లు, నాలుగు వైపులా ఎనభై కాళ్లు. ఎక్కడో దూరదేశపు కర్మాగారంలో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ల మధ్య పుట్టాను. సీడీ ప్లేయర్లో నాది ఒకటే పని. తిరిగే డిస్కులో వెంట్రుకకన్నా సన్నని దారి ఉంటుంది. లేజరు వెలుగు ఆ దారి తప్పకుండా క్షణానికి వేలసార్లు సరిచేయాలి. పాట మనుషులు వింటారు. దారి నేను చూసుకోవాలి.

సాలూరులో సన్యాసయ్య ఇంట్లో పదకొండేళ్లు చేశాను. ఉన్నది ఒకే డిస్కు. అతని భార్య ఎర్నమ్మ పాడిన నాట్లపాటలు. జానపదాలు సేకరించే మాస్టారొకాయన రికార్డు చేసి, ఆ ఒక్క ప్రతి ఆమె చేతిలో పెట్టి వెళ్లాడు. తర్వాత ఆయనా పోయాడు, ఆమె కూడా పోయింది. రోజూ పొద్దున్నే గంజి తాగుతూ సన్యాసయ్య వినేవాడు. ఆమె బతికుండగా "ఆపే నీ గోల" అన్నది కూడా ఇతనే.

మొన్న ఆమె తద్దినం మర్నాడు మీట నొక్కాడు. వెలుగు వెళ్లింది, తిరిగి రాలేదు. మళ్లీ పంపాను. దారి లేదు. గీతలు పడితే దాటాను, దుమ్ము పడితే దాటాను. దారే లేకపోవడం ఎన్నడూ చూడలేదు. బెదిరిపోయాను.

సన్యాసయ్య ప్లేయర్ని చంకన పెట్టుకుని రిపేర్ల ఇమాం కొట్టుకు తెచ్చాడు. ఇమాం మూత విప్పి నన్ను చూపించాడు.

"సర్వో ఐసీ పోయినట్టుంది తాతా."

"ఆ జెర్రేనా? పీకీ. నా ఆడదాని గొంతు తినేసినాది."

వేడిగాలి తగిలింది. కాళ్లన్నీ ఒక్కసారే ఊడాయి. నన్ను బల్లమీద పడేసి, నా చోట కొత్తదాన్ని అతికించాడు. అదీ వెతికింది, అదీ ఓడింది. అప్పుడుగాని ఇమాం డిస్కు తీసి వెలుతురుకు పట్టలేదు. డిస్కులోంచి రోడ్డుమీద పోయే లారీ కనిపించింది.

"దీన్నేటి సేసినావు తాతా?"

"తద్దినం కదా, పసుపూ కుంకం పెట్టినాను. మరకలైపోనాదని సింతపండేసి తోమినాను."

"చెంబు తోమినట్టా?"

"రెండేపులా తోమినాను. తళతళలాడింది కూడాను."

ఊడిపోయిన ఆ వెండిపొరలోనే పాటంతా ఉండేదని ఇమాం మెల్లగా చెప్పాడు. సన్యాసయ్య స్టూలు మీద కూలబడ్డాడు. బల్లమీదున్న నావైపు వేలు చూపించాడు.

"ఆ జెర్రిలో ఏటైనా ఉండిపోనాదేమో సూడు. పదకొండేళ్లు దాని కాళ్లకాడే పాడినాది."

"ఉండదు తాతా. అది దారి చూపిస్తాది, అంతే. పాట దాచుకోదు."

నాకూ అప్పుడే తెలిసింది. నాలో వెతికాను. ఒక్క ముక్క లేదు. అన్నేళ్లు ఆమె పాడుతుంటే నేను దారి చూసుకుంటూ కూర్చున్నాను.

సన్యాసయ్యను నేను క్షమించలేదు. ఎర్నమ్మ పాట ఊసు ఇక నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను.