పోగు తగలని గోరు

"పళ్లు లేవా నీకు? కొరుకు" అంది మా అత్త పద్మావతమ్మ.

పాపకు ఎనిమిదో నెల. గోళ్లు పెరిగి నిద్రలో చెంపలు గీరుకుంటోంది. కదిరి గుడికి పోయి పుట్టువెంట్రుకలు తీయించేదాకా పిల్ల ఒంటికి ఇనుము తగలకూడదని మా అత్తవారింటి కట్టుబాటు. కత్తెర పెడితే పిల్ల దొంగ అవుతుందని ఒకరంటారు, ఆయుష్షు తెగుతుందని ఇంకొకరంటారు. కాబట్టి తల్లే పంటితో కొరికి తీయాలి. తండ్రి పళ్లు ఎందుకు పనికిరావో నేనెప్పుడూ అడగలేదు. ఆ ఇంట్లో పనికొచ్చే పళ్లన్నీ నాకే ఉన్నట్టున్నాయి.

ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేవాడిని నేతగాడంటారు. మా ఇంట్లో ఆ నేతగాడు మా ఆయన శ్రీరంగప్ప. అడ్డపోగు పట్టును చిన్న గొట్టాలకు ఎక్కించి కండెలు చుట్టేది నేను. నిలువు పోగుల పాత వార్పు అయిపోతే దాని చివర్లకు కొత్త వార్పు పోగుల్ని, వేలికి బూడిద రాసుకుని, ఒక్కొక్కటే మెలివేసి అతికేది నేను. వేల పోగులు. ఒకటి తప్పితే చీరంతా తప్పు. నన్ను మాత్రం ఏమీ అనరు. "మా కోడలు ఇంట్లోనే ఉంటాది" అంటారు. డెబ్బై తొమ్మిదిలో వానలు మళ్లీ ఎగ్గొట్టాయి, బోరింగు దగ్గర బిందెతో నిలబడేదీ ఇంట్లోనే ఉండే ఈ కోడలే.

ఆ పొద్దున కొత్త వార్పు వచ్చింది. "ఏమే, యాడుండావు? మగ్గం ఊరికే ఉండాది" అని మా ఆయన లోపలినుంచి కేకలు. పాప కాళ్లు తన్నుకుంటోంది. తొందరలో కొరికాను. గోరుతోపాటు పక్కన చర్మం కూడా పంటి కిందికి వచ్చింది. పాప కెవ్వుమంది. నా నాలుక మీద ఉప్పగా తగిలింది. నా పిల్ల రక్తం రుచి నాకు తెలిసింది, అంతకన్నా ఏం చెప్పను.

మూడో రోజుకు బొటనవేలు ఎర్రగా వాచింది. గోరుచుట్టు. మా అత్త నిమ్మకాయకు బెజ్జం చేసి, పసుపు కూరి, ఆ వేలికి తొడిగింది. పెద్దవాళ్లకే కళ్లలో నీళ్లు తిరిగే మంట. గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే. పాప ఊపిరి బిగబట్టి నీలంగా అయింది. నిమ్మకాయ పీకి పారేశాను.

"ఆస్పత్రికి పోతాను" అన్నాను.

"గోటితో పోయేదానికి గొడ్డలి తెస్తావా? అయిదుమందిని పెంచినా నేను. నాకు తెలీదా?" అంది అత్త.

"ఆడోళ్ల యవ్వారం నాకెందుకు గానీ, సాయంత్రానికి అతకడం కావల్ల" అన్నాడు మా ఆయన, తల ఎత్తకుండానే.

సగం అతికిన పోగులు అట్లాగే వేలాడుతున్నాయి. వాటిని చూస్తూనే పాపను చంకనేసుకుని చెప్పులేసుకున్నాను. పెళ్లయిన మూడేళ్లలో పని సగంలో వదిలి గడప దాటడం అదే మొదలు. ఎండ మండుతోంది, గాలికి దుమ్ము లేస్తోంది. అయినా కాళ్లు ఆగలేదు.

ఆస్పత్రిలో నర్సమ్మ తిరుపాలమ్మ పాప వేలిని వెలుతురుకు తిప్పి చూసింది. "ఎవురు కొరికినారు?"

"నేనే."

"నోట్లో క్రిములన్నీ గాయంలోకి పోయినాయి. బిడ్డ గోరు కొరికేది కాదమ్మా. స్నానమైనాక మెత్తగా ఉంటాది, అప్పుడు చిన్న కత్తెరతో నేరుగా తియ్యల్ల. వేలి కండ కిందికి ఒత్తి పట్టుకుంటే చర్మం తెగదు. మూలలు లోపలికి తవ్వొద్దు." గోరువెచ్చని నీళ్లలో వేలు నానబెట్టి, డాక్టరుకు చూపించి, చీము తీయించి మందు రాసింది. "ఇంకో నాలుగు దినాలు ఆగింటే వేరు చెడిపోయి గోరు వంకరగా మొలుస్తుండె. నిద్రపోయేటప్పుడు తియ్యి. మేలుకోనుంటే ఇంకొకరు చెయ్యి పట్టుకోవల్ల. ఇంట్లో ఎవురన్నా ఉండారా?"

మా ఇంట్లో అందరూ ఉన్నారు.

కట్టు కడుతూ నా చేతులు చూసింది. "నీ గోర్లేందమ్మా, ఇంత నున్నగా ఉండాయి?"

చెప్పాను. గోరు గరుకుగా ఉంటే పట్టు తెగుతుంది. వారానికోసారి పొట్టిగా తీసి, అంచు పలకముక్క మీద రుద్దుకుంటాం. తర్వాత ఒక పోగు గోటి మీద లాగి చూస్తాం. తగులుకుంటే ఇంకా రుద్దాలి.

నర్సమ్మ నవ్వింది. "ఇంత తెలివి చేతిలో పెట్టుకోని పంటితో కొరికినావా?"

నాకు నవ్వు రాలేదు. ముందు సిగ్గేసింది, ఆ వెనకే కోపమొచ్చింది. ఎవరో కట్టబోయే చీర కోసం నా గోళ్లు అంత జాగ్రత్తగా చూసుకున్నాను. ఆ తెలివి నా పిల్లకూ పనికొస్తుందని నాకెందుకు తోచలేదు? కట్టుబాటు అన్నారు, నోరు తెరిచాను. మాట్లాడటానికి మాత్రం తెరవలేదు.

వంకర గోరు అనగానే ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా ఆయన ఎడమ బొటనవేలి గోరు కొక్కెంలా ఉంటుంది. పట్టు తగులుకోకుండా దానికి గుడ్డపేలిక చుట్టుకుని నేస్తాడు. పుట్టుకతో వచ్చిందని చెబుతారు.

పదిరోజులకు పాప వేలు మానింది. మిగతా గోళ్లు మళ్లీ పెరిగాయి. పొద్దున్నే పాపకు స్నానం చేయించి, మగ్గం కత్తెరను మరిగే నీళ్లలో వేసి తీసి తుడిచాను. ఇంట్లో మంచి వెలుతురుండేది మగ్గం పక్క కిటికీ దగ్గరే. అక్కడే చాప వేసుకుని కూర్చున్నాను.

"శుక్రవారం పూట, ఇనుము, అదీ మగ్గం కత్తెర! ఇల్లు నాశనమైపోతాది" అని మా అత్త గుండెలు బాదుకుంది.

"పెట్టెయ్ కిందికి" అన్నాడు మా ఆయన. "కండెలు చుట్టేదుండాది."

నేను కత్తెర దింపలేదు. అడిగాను. "అత్తా, ఈయప్ప బొటనవేలి గోరు పుట్టినప్పుడే వంకరగా ఉండెనా?"

మగ్గం చప్పుడు ఆగింది. మా అత్త నన్ను చూసింది, కొడుకును చూసింది, గోడకు జారగిలబడి కూర్చుంది.

"అయిదో నెలలో కొరికితి" అంది. "చీము పట్టె. పది దినాలు పాలు తాగలేదు వాడు. మా అత్త నన్నే తిట్టె. అందుకే పుట్టుకతో అని చెప్పుకుంటి."

మా ఆయన పేలిక విప్పి తన గోరును తనే కొత్తగా చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా పట్టును కాపాడాడు ఆ వేలినుంచి. అమ్మను ఏమన్నా అనడానికి నేను వ్యవధి ఇవ్వలేదు.

"చేతులు కడుక్కోని రా. పాప చెయ్యి పట్టుకోవల్ల, కదలకుండా. పోగు పట్టుకున్నట్టే పట్టుకో" అన్నాను.

మగ్గం గుంతలోంచి లేచాడు. చేతులు కడుక్కున్నాడు. వచ్చి పాప మణికట్టును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. పాప వాళ్ల నాయన మొహంలోకి చూసి పళ్లులేని నోటితో నవ్వింది. నేను కండ కిందికి ఒత్తి, నేరుగా, ఒక్కొక్కటే తీశాను. చుక్క రక్తం రాలేదు. ఎర్ర పట్టుపోగు ఒకటి తెచ్చి అయిదు గోళ్ల మీదా లాగాను. ఎక్కడా తగల్లేదు, జారిపోయింది. నాకు గట్టిగా అరవాలనిపించింది, అంత సంతోషం.

"అయిపోయిందా? లేచేదా?" అన్నాడు మా ఆయన, ఒక కన్ను మగ్గం మీద పెట్టి.

"ఒక చెయ్యి అయింది. ఇంకొకటుండాది. కూచో" అన్నాను.

కూర్చున్నాడు.