రాలని అద్దం

కోపంలో మనోహర్ పగలగొట్టిన మొదటి అద్దం షోకేసు తలుపుది. మామూలు అద్దం. స్టీలు గ్లాసు విసిరితే కత్తుల్లాంటి పెంకులై విరిగింది. ఒక పెంకు అతని భార్య రేవతి పాదంలో దిగింది. ఆసుపత్రికి తనే ఎత్తుకుని తీసుకెళ్ళాడు. కుట్లు వేస్తుంటే ఆమెకన్నా ఎక్కువ ఏడ్చాడు. "జారిపడింది డాక్టర్" అని అబద్ధం చెప్పింది కూడా అతనే. ఆ ఏడుపు ప్రేమేనని చాలాకాలం నమ్మాడు.

రేవతి గురుగ్రాంలో ఇళ్ళకు ఇంటీరియర్ పనులు చేయించే ఆఫీసులో ఉద్యోగి. కుట్లు మానకముందే వసంత్ కుంజ్ ఫ్లాటులోని అద్దాలన్నీ తీయించి టఫెన్డ్ గ్లాసు పెట్టించింది. బాగా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన అద్దం అది. పగిలితే మొత్తం ఒక్క క్షణంలో పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. పొడవాటి మొనలుండవు. పాదాల్లో దిగదు.

ఆ అద్దం మనోహర్‌కు నచ్చింది. మంత్రిత్వ శాఖలో పై అధికారి అందరి ముందూ ఫైలు విసిరేసిన రోజు, ఇంటికొచ్చి బాత్రూంలోని అద్దాల అడ్డుగోడను ఇస్త్రీపెట్టెతో కొట్టాడు. జలజలా రాలింది. ఛాతీలోంచి ఏదో బరువు దిగింది. ఎవరికీ నెత్తురు రాలేదు కనుక తప్పు చేసినట్టే అనిపించలేదు. ఆ తర్వాత అతని చేతికి అద్దానికీ రేవతికీ తేడా తెలియడం మానేసింది. చెంప పగలగొట్టినా, జుట్టు పట్టి గోడకేసి కొట్టినా, తెల్లారేసరికి ఆమె అతని టిఫిన్ డబ్బా కట్టేది. చీపురుతో ఊడ్చేస్తే ఇల్లు మళ్ళీ ఇల్లే. అద్దాలు బిగించే అతను మళ్ళీనా అన్నట్టు గుమ్మంలోనే నవ్వేవాడు. "ఫిర్ సే, భాభీజీ?"

ఎండలు ముదిరే వేళకు ఆమె డైనింగ్ టేబుల్ మీద అద్దం నమూనా ముక్కలు కొన్ని పరిచింది. కూతురు హారిక ఒకదాన్ని చెంచాతో టకటకలాడించింది.

"నాన్నా, యే వాలా దేఖో. టూట్‌తా హై, పర్ గిర్‌తా నహీఁ."

"అద్దం అద్దమే కదే. ఏదో ఒకటి తగలెయ్యమను మీ అమ్మని." మనోహర్ ఫోనులోంచి తలెత్తలేదు.

"రెండు అద్దాల మధ్య పొర పెట్టి అతికిస్తారండీ. పగిలినా రాలదు. దీని గది తలుపుకి పెట్టిద్దామని," అంది రేవతి.

"పిల్ల గదికి షోరూం తలుపా! మీ క్లయింట్ల పిచ్చి నీకూ అంటింది."

హారిక గదికి ఆ అద్దం తలుపు బిగించాక ఒక ఆదివారం మధ్యాహ్నం, ఛార్జర్ కోసం మనోహర్ రేవతి హ్యాండ్‌బ్యాగు కెలుకుతుంటే కొత్త తాళంచెవి ఒకటి చేతికి తగిలింది.

"ఏంటిది?"

"బేర్ సరాయ్‌లో గది తీసుకున్నాను. నాకూ హారికకీ."

ఆమె గొంతు వణకలేదు. దాన్ని అతను భరించలేకపోయాడు. మొదటి దెబ్బకి ఆమె పెదవి చిట్లింది. రెండో దెబ్బకి తల ఫ్రిజ్ అంచుకి తగిలింది. జుట్టు పట్టుకోబోతే పిడికిట్లో క్లిప్పు మిగిలింది. ఆమె పిల్లని లాక్కుని దాని గదిలోకి దూరి గడియ పెట్టేసింది.

మనోహర్ బాల్కనీలోంచి డంబెల్ తెచ్చాడు. తొందరేం లేదు. ఒక్క దెబ్బ చాలు, మొత్తం పలుకులై రాలుతుంది. తర్వాత ఏం చేస్తాడో అతని చేతులకి తెలుసు.

కొట్టాడు. అద్దం తెల్లబడింది. రాలలేదు. మళ్ళీ కొట్టాడు. ధన్‌ధన్‌మని గోడలు అదిరాయి. పగుళ్ళ మీద పగుళ్ళు పుట్టాయి, అద్దం ఒక్కచోట లోపలికి సొట్టపోయింది, అయినా మధ్య పొర చిరగలేదు. డంబెల్ చేజారితే పిడికిలితో గుద్దాడు. వేళ్ళ మధ్య సన్నటి పెంకులు దిగాయి. నెత్తురు తెల్లటి పగుళ్ళలోకి పాకింది. అటువైపుకి మాత్రం ఒక్క చుక్కా పోలేదు.

లోపల రేవతి ఫోనులో ఎవరికో అడ్రసు చెబుతోంది. బ్లాకు నంబరు, అంతస్తు. ఆ తర్వాత ఇంకొకరికి చేసి, "ఆంటీ, ఇప్పుడు రండి," అంది.

మసక ఆకారం ఒకటి నేల మీదకి వంగడం కనిపించింది. కూలబడింది, అనుకున్నాడు. అతని పిడికిలి వదులైంది. తనూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఎప్పుడూ వచ్చే ఏడుపే.

"రేవతీ! నా చెయ్యి తెగిపోయిందే. చూడు, ఎంత నెత్తురో."

ఆకారం లేచి అద్దం దగ్గరికొచ్చింది. గడియ తీస్తుందనుకున్నాడు.

"ఎంత దెబ్బ తట్టుకోవాలమ్మా అని షాపులో అడిగారు," అంది రేవతి. "మా ఆయన కొట్టే దెబ్బ అన్నాను. ఇంకో పొర వేసి ఇచ్చారు."

మనోహర్ ఏడుపు ఆగిపోయింది. తన కోపం వరదలాంటిదని, తన చేతిలో లేదని, అది వచ్చినప్పుడు తను తను కాదని ఇన్నాళ్ళూ నమ్మాడు. దాన్ని ఎవరో కొలిచారు. ఎంత ఎత్తున వస్తుందో, ఎక్కడ ఆగుతుందో లెక్కగట్టి, అతని కళ్ళముందే బల్ల మీద పరిచారు. ఇనుప తలుపైతే ఎందుకని అడిగేవాడు. అద్దం కనుక అడగలేదు. జీవితంలో మొదటిసారి అతనికి తన భార్యంటే భయం వేసింది.

వీధి తలుపు తాళం బయటినుంచే తిరిగింది. కింది ఫ్లాటు అన్నపూర్ణేశ్వరి ఆంటీకి రేవతి ఎప్పుడు తాళంచెవి ఇచ్చిందో అతనికి తెలియదు. ఆమె వెనక గార్డు, ఆ వెనక మహిళా కానిస్టేబులు.

"అయ్యో, నీ చెయ్యేంటి నాయనా!" అంది ఆంటీ అలవాటుగా. మరుక్షణం ఫ్రిజ్ అంచున నెత్తుటి మరక చూసి అతని దగ్గర్నుంచి వెనక్కి జరిగింది.

కానిస్టేబులు అతనికీ తలుపుకీ మధ్య నిలబడి, దూరంగా ఉన్న కుర్చీ చూపించింది. "ఉధర్ బైఠియే."

అప్పుడు గడియ తీసిన చప్పుడైంది. ముందు హారిక వచ్చింది, వెనక రేవతి. ఆమె పెదవి వాచిపోయి ఉంది. మనోహర్ వాళ్ళ ముఖాలు చూడలేక కిందికి చూశాడు. పిల్ల కాళ్ళకి స్కూలు బూట్లు. రేవతి కాళ్ళకీ బూట్లు. లేసులు రెండు ముళ్ళేసి గట్టిగా కట్టి ఉన్నాయి. ఇందాక ఆమె వంగింది అందుకు.

గుమ్మం ముందు రాలిన అద్దంపొడి వాళ్ళ అడుగుల కింద కరకరలాడింది. మెట్లు దిగేదాకా అతనికి ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.