పుర్రచేతి ఉలి

ఉలుల సంచి చేజారిన రోజు బుధవారమే అయి ఉండాలి, ఎందుకంటే బడిలో ఆ రోజే పరీక్షలు మొదలయ్యాయి, ఇంద్రాణి ఇంకా సెలవులోనే ఉంది, భర్త సురేంద్ర దినాలు ముగిసి రెండు రోజులు, వీధిలో పాత ఇనుము, పాత ఇనుము అని అరుచుకుంటూ ఎవరో బండి తోసుకుపోతుంటే తనే పిలిచింది, వరండాలో కర్ర తిప్పే లేతు పక్కన గోనెసంచిలో నల్లగా మసిబట్టి, పేరూ ముద్రా లేని ఇనుప ముక్కలు, ఇవి తీసుకుపో అంది, బెంగళూరులో కొన్న డబ్బాలోని మెరిసే ఉలులు మాత్రం గుడ్డలో చుట్టి బీరువాలో దాచింది, ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకు సోషల్లో చేతివృత్తుల పాఠం చెబుతున్న మనిషి, తన భర్త రోజూ పట్టుకున్నది ఏదో చూడలేదు, వారం తర్వాత మారెప్ప వచ్చి, రైల్వేలో సురేంద్రతో కలిసి ముప్పై ఏళ్ళు వడ్రంగం చేసిన మారెప్ప, డబ్బా తెరిచి ఒక్కొక్కటీ వేలితో తాకి మూసేసి, ఏమ్మా, బంగారం ఇడిచిపెట్టి తగరం దాపెట్టుకున్నావే అన్నాడు, కోపంగా కూడా అనలేదు.

మంచం కోడు ఒకటే మిగిలింది, అత్త గంగక్క మంచానికి చెదలు పట్టి కోళ్ళు పుచ్చిపోతే సురేంద్ర తుమ్మ చేవతో కొత్తవి మొదలుపెట్టి మూడు పూర్తి చేశాడు, నాలుగోది సగం నునుపై, సగం గరుకుగా లేతు మీదే ఉంది, అత్త నేల మీద పడుకుంటోంది, ఇనుప మంచం తెప్పిస్తే, దాని మీద పండుకుంటే ఆస్పత్రిలో ఉన్నట్లుంటాది, నాకొద్దు పో అని గోడవైపు తిరిగింది, పొద్దున లేవడానికి ఆమెకు రెండు చేతులూ ఒక గోడా కావాలి, నాలుగో నెలలో మారెప్ప మళ్ళీ వచ్చి, ఆ కోడు నేను తిప్పి ఇస్తాను, తుమ్మ చేవ మీద బజారు ఉలి రెండు పట్లకే మొండిబారుతాది, కమ్మరి కుళ్ళాయప్ప కొట్టిన ఉలి ఒకటి, పట్టె దూరే బెజ్జం తొలిచే బిట్టు ఒకటి తెప్పించు, లేకుంటే నేనే పోయి తెస్తాలే అన్నాడు, వద్దు నేను పోతాను అంది ఇంద్రాణి, ఎందుకు అంత తొందరగా అందో అప్పుడు ఆలోచించలేదు.

గుంతకల్లులో రైలు పట్టాలకు అవతల రేకుల కప్పు కింద కొలిమి, పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఇక్కడే ఎండలో నిలబడి ఎంతసేపని విసుక్కుంది, ఇప్పుడు ఆమెను చూడగానే కుళ్ళాయప్ప లేచి, ఏం టీచరమ్మా, దావ తప్పినావా అని నవ్వి, స్టూలు తుడిచి వేశాడు, ఆమె ఉలి ఒకటి, బిట్టు ఒకటి కావాలి అనగానే, మృగశిర పోయినా చినుకు లేదు, నాగలి కర్రులు సాగదీసుకునేటోళ్ళే లేరు, కూర్చో, నీ పని అరగంటలో అయిపోతాది, సురేంద్ర యాడ, బాగుండాడా, అని ఒక్క ఊపిరిలో అడిగాడు, ఆమె నోట్లో చెప్పాల్సిన మాట ఉంది, బస్సులో వస్తూ రెండుసార్లు లోపల అనుకుంది కూడా, బాగున్నాడు అంది.

అంతే, అది బయటికి వచ్చేసింది, వెనక్కి తీసుకోవడానికి ఒక్క క్షణం ఉండింది, ఆ క్షణంలో కుళ్ళాయప్ప లారీ కమాను పట్టీ ముక్క ఎత్తి చూపించి, ఇది చూడు, నలభై ఏండ్లు లోడు మోసిన ఇనుము, దీనికి నేర్పించేదేముంది, కంపెనీ మాలు పెండ్లికొడుకు మాదిరి మెరుస్తాది, పనికి పిలిస్తే మూతి ముడుస్తాది అంటూ మంటలోకి తోశాడు, చెయ్యి ఎవురిది అని తనే అడుగుతూ ఇంకెవురిది అని తనే జవాబు చెప్పుకుని, మసి గోడ మీద మేకుతో గీసిన చేతి కొలతల గీతల్లో సురేంద్ర పేరు దగ్గర పిడి కర్ర ఆనించి పొడవు చూసుకున్నాడు, అన్నా, ఉలి పట్టేది మారెప్ప అని చెప్పవచ్చు, ఇప్పుడైనా చెప్పవచ్చు, కానీ ఆ గోడ మీద సురేంద్ర చెయ్యి అంత పొడవుగా ఉంది, ఆయన ఎడమచేత్తో అన్నం కలపబోతే గంగక్క చిన్నప్పుడు వాతలు పెట్టిందట, అన్నం మారింది, ఉలి మారలేదు.

కుళ్ళాయప్ప సానరాయి తిప్పుతున్నాడు, నిప్పురవ్వలు, మీ ఆయప్ప పుర్రచెయ్యి గదా, అంచు వాలు ఇటుపక్క పెడతాండా, వేరేవాళ్ళు పడితే కొయ్యలోకి దిగబడి చెయ్యి తిప్పేస్తాది, జాగ్రత్త, అన్నాడు, ఆమె చూస్తూనే ఉంది, వాలు ఎడమకు పోతోంది, ప్రతి తిప్పుకూ మారెప్పకు పనికిరాకుండా పోతోంది, ఆపు అనడానికి రెండక్షరాలు, ఆపలేదు, ఎందుకంటే కుళ్ళాయప్ప అప్పుడు సురేంద్ర గురించే మాట్లాడుతున్నాడు, మొండోడమ్మా, ఒకసారి బిట్టు సూటిగా లేదని మూడుసార్లు తిరిగొచ్చినాడు, టీ తాగడు, తాగితే రెండు తాగుతాడు, ఇప్పుడూ అట్లే ఉండాడా, అట్లే ఉన్నాడు అంది, ఎనిమిది దినాలు వాడినాక రమ్మను, అంచు నిలబడకుంటే మళ్ళా కాల్చి నీళ్ళలో ముంచి ఇస్తా, పని జేసినోడు చెప్పాల, మనం అనుకుంటే కాదు అన్నాడు, సరే అన్నా, రమ్మంటాను అంది, బిట్టును రెండు వేళ్ళ మధ్య దొర్లించి వంకర లేదని చూపించి, రెండూ కలిపి పేపర్లో చుట్టి ఇచ్చాడు, ఇంకా వెచ్చగా ఉన్నాయి.

బస్టాండులో బెంచీ మీద కూర్చుంది, ఊరికి పోయే విడపనకల్లు బస్సు వచ్చి వెళ్ళింది, చూసింది, లేవలేదు, పక్కన ఎవరో టైమెంతమ్మా అంటే చెప్పింది, పొట్లం విప్పి ఉలిని కుడిచేత్తో పట్టుకుని చూసింది, పిడి పొడవు, మోచేతికి తగులుతోంది, అత్త ఈ రాత్రీ నేల మీదే, ఎనిమిది దినాలు అన్నాడు, తొమ్మిదో రోజు నుంచి ఆ మనిషి దావ చూస్తాడు, రాకపోతే పుర్రచెయ్యోడికి పొగరెక్కిందని నవ్వుకుంటాడు, ఆ రేకుల కింద అరగంటసేపు సురేంద్ర మొండిగా, రెండు టీలు తాగుతూ బతికి ఉన్నాడు, మరెక్కడా లేడు, ఇంట్లో లేడు, బడిలో సానుభూతి కూడా అయిపోయింది, ఉలి కోసమైతే మారెప్ప వచ్చేవాడు, తను వచ్చింది వార్త చేరని ఒకే ఒక్క చోటికి, చుట్టాలకు మరిది ఫోన్లు చేశాడు, బడిలో హెడ్మాస్టరు చెప్పాడు, బ్యాంకులో కాగితం చెప్పింది, నాలుగు నెలలుగా అందరికీ అందరూ చెప్పారు, కుళ్ళాయప్పకు చెప్పడానికి మిగిలింది తనొక్కతే, కొలిమి ఇక్కడికి పది నిమిషాల నడక, ఉలి అంచు కుడికి మార్పించాలి, దానికి ముందు సురేంద్ర చనిపోయాడని చెప్పాలి, ఆ మాట ఇంద్రాణి ఇంతవరకూ ఎవరికీ తన నోటితో చెప్పలేదు.