నడిచేవాడికి కట్టిన ఆకు

వావిలి రెమ్మల నుంచి ఆకు దూసి బానలో వేస్తూ, గంగులమ్మ మధ్యమధ్యలో పొయ్యిలోని కట్టెను కాలి బొటనవేలితో లోపలికి నెడుతోంది. ఆకు మగ్గేకొద్దీ లేచే ఆ చేదు వాసన అలిపిరిలో ఆమె గుడిసె దాటి తిరుమల మెట్ల మొదలు దాకా పోతుంది. కొత్తగా వచ్చిన యాత్రికులు ముక్కు మూసుకుంటారు. డోలీ మోసేవాళ్లకు మాత్రం అది ఇంటి వాసన.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి. మోచేతుల దాకా పసరు ఇంకి చర్మం నల్లబడిపోయింది. వేళ్ల కణుపులు లావెక్కాయి. గుడిసె ముందు పొడుగాటి రాతిబండ ఒకటి ఉంది. ఒకప్పుడు సాయంత్రమయ్యేసరికి డోలీవాళ్లు దాని మీద వరసగా కాళ్లు చాపుకుని కూర్చునేవారు. ఆమె గుడ్డను కాగే నీళ్లలో ముంచి, పిండి, ఒక్కొక్కరి మోకాలికీ పిక్కకీ కాపడం పెడుతూ పోయేది. ముఖాలు చూసేది కాదు. ఎవరి చిప్ప పక్కకు జరిగిందో, ఎవరి పిక్కలో నరం ముడిపడిందో చేతికే తెలిసేది.

కొండ మీదికి బస్సులు పోవడం మొదలయ్యాక బండ ఖాళీ అయింది. పడుచువాళ్లు కొందరు మద్రాసు హార్బరు పనికి పోయారు. కొందరు పటాలంలో చేరి, యుద్ధం ముగిసినా ఈ దిక్కుకు రాలేదు. మిగిలింది గురప్ప జట్టు ఒక్కటే. ఆ జట్టులోని వెంకటముని కూడా మోకాలు వాచి పని మానేసి చాలాకాలమైంది. అయినా అతను సాయంత్రం తప్పకుండా వచ్చి బండ చివర కూర్చుని కుడికాలు చాపుతాడు. ఎవరు వచ్చినా రాకపోయినా పొద్దున ఒక బాన, సాయంత్రం ఒక బాన కాచడం గంగులమ్మ మానలేదు.

ఆ రోజు వెంకటముని పొద్దున్నే వచ్చాడు.

"ఏమబ్బా, ఇంత పొద్దున్నే?"

"కొండెక్కాల వదినా."

గంగులమ్మ భర్తా ఇతనూ ఒకే డోలీ బొంగుకు ముందూ వెనకా మోసినవాళ్లు. భర్త కలరాకు పోయి ఏళ్లయినా ఆ వరస పిలుపు మారలేదు.

"వాలాజా నుంచి ఒగ ముసలామె వచ్చుండాది," అన్నాడు అతను. "బస్సెక్కితే వాంతులంట. డోలీలో అయితేనే వస్తానని కూసోనుండాది. గురప్పకు నాలుగో మనిషి లేడు."

గంగులమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. చిప్ప ఎక్కడుందో చిక్కనంత వాపు. చర్మం వేడిగా కూడా ఉంది.

"ఈ కాలుతోనా?"

"కాపడంతో గాదులే. ఆ ఉమ్మెత్తాకు కట్టు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈ ఆకుల వైద్యం అత్త నేర్పిన పని. ఐరాల పక్క పల్లెలో పుట్టిన గంగులమ్మ పెళ్లయిన కొత్తలో ఒకే ఒక్కసారి కొండెక్కింది. దిగివచ్చి మోకాళ్లు పట్టుకుని ఏడుస్తుంటే, అత్త వావిలాకు కాచి కాపడం పెట్టింది. మర్నాటి నుంచి ఆకు కోసుకురమ్మంది. ఏ వాపుకు చింతాకు ఉడకేసి కట్టాలి, ఏ బెణుకుకు ఆముదపాకు వెచ్చజేసి వెయ్యాలి, అంతా చేతులతోనే చూపించింది. నోటితో గట్టిగా చెప్పింది ఒక్కటే. ఉమ్మెత్తాకు పడుకునేవాడికి కట్టాలి, నడిచేవాడికి కట్టకూడదు. వావిలి మెల్లగా వాపును లాగేస్తుంది. ఉమ్మెత్త నొప్పిని తెలియనివ్వదు, అంతే.

"నొప్పి తెలీకుండా పోతాది గానీ కాలు బాగైనట్టు గాదబ్బా," అంది గంగులమ్మ. "దారిలో ఏమన్నా అయితే కాలు నీకు చెప్పదు."

"ఇన్నాళ్లూ అది చెప్పినట్టే వింటా కూసున్నా గదా. ఈ ఒక్కనాడు నా మాట దాన్ని విననీ."

గంగులమ్మ తలెత్తి అతని ముఖం చూసింది. గడ్డం గీయించుకున్నాడు. ఉతికిన తలగుడ్డ చుట్టుకున్నాడు. పెళ్లికి బయల్దేరినవాడిలా ఉన్నాడు.

ఆమె లేచి గుడిసె వెనక్కి పోయింది. ముదురు ఉమ్మెత్తాకులు కోసుకొచ్చి, ఆముదం రాసి నిప్పుల మీద వాడ్చింది. ముందు వావిలి నీళ్లతో ఎప్పటికంటే ఎక్కువసేపు కాపడం పెట్టింది. తర్వాత ఆకులు ఒకదాని మీద ఒకటి పరిచి, పాత చీర పేలికతో బిగించి కట్టింది. ఆకు పట్టేదాకా ఇద్దరూ కూర్చున్నారు. వెంకటముని లేచి కాలు మడిచి చూసుకున్నాడు. మొదటి మెట్టు దాకా పోయి వచ్చాడు.

"ఏమీ తెలవడంలే వదినా."

"ఆ నిలువు మెట్లు ఎక్కేముందు, మోకాళ్ల పర్వతం కాడ దించి కూసో."

"సర్లే," అన్నాడు.

కొంతసేపటికి డోలీ ఆమె గుడిసె ముందు నుంచే పోయింది. లోపల ముసలామె కళ్లు మూసుకుని తులసిపూసలు తిప్పుకుంటోంది. వెంకటముని భుజాన గుడ్డమెత్త వేసుకుని, దాని మీద బొంగు ఆనించి ముందు కుడివైపు మోస్తున్నాడు. మెట్టు మీద కుడిపాదాన్ని నిండుగా, జంకు లేకుండా మోపుతున్నాడు. అతను అలా అడుగు వెయ్యడం ఆమె చూసి ఎన్నాళ్లో అయింది. మలుపు తిరిగేదాకా చూసింది.

తర్వాత గంప తీసుకుని కపిలతీర్థం వైపు వంక గట్టుకు ఆకు కోయడానికి పోయింది. పైన ఘాటురోడ్డులో బస్సు హారను మోగింది. గంపలో ఆకు నింపుకుంటున్నా అత్త మాటే చెవిలో ఉంది. ఇంటికొచ్చి సంగటి తింది. కాలు బెణికిన యాత్రికురాలు ఒకామె వస్తే ఆముదపాకు కట్టి పంపింది. కడుతున్నంతసేపూ చూపు మెట్ల మీదే.

పొద్దు వాలుతుండగా సాయంత్రపు బాన పొయ్యి మీద పెట్టింది. నీళ్లు మరగడం మొదలయ్యేసరికి డోలీ దిగుతూ కనిపించింది. ముసలామె తిరిగి వస్తోందేమో అనుకుంది. దగ్గరికొచ్చాక చూస్తే, ముందున్న గురప్పకు తలగుడ్డ లేదు. ఆ గుడ్డ డోలీ మీద కప్పి ఉంది. వెంకటముని ఉండాల్సిన చోట ఎవరో పైనుంచి వచ్చిన కూలివాడు మోస్తున్నాడు.

డోలీని బండ పక్కన దించారు. గురప్ప నేల మీద కూలబడ్డాడు.

"పైకి చేర్చినాం అక్కా. ముసలామెను దించినాక నీళ్లడిగినాడు. నేను తెచ్చేలోపల గోడకానుకోని అట్టే ఉండిపొయినాడు. గుండె ఆగిందన్న్యారు ఆడ. బస్సోళ్లను బతిమలాడినాం. శవాన్ని ఎక్కించుకోం అన్న్యారు."

గంగులమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి డోలీ పక్కకు వచ్చింది.

"మోకాలు నొస్తా ఉండాదని అన్నాడా?" అని అడిగింది.

"లేదే. మోకాళ్ల పర్వతం కాడ దించుదామంటే వాడే వద్దన్నాడు. దారంతా మాకంటే ముందు కాలేసినాడు." గురప్ప గొంతు కొంచెం తేరుకుంది. "పాత రోజుల మాదిరి ఎక్కినాడక్కా."

మంచిమాట చెబుతున్నాననే అనుకున్నాడు గురప్ప. గంగులమ్మ తల ఊపింది.

వెంకటమునికి ఉన్నది పలమనేరులో ఒక చెల్లెలు. కబురు పోయింది గానీ ఆమె వచ్చేదాకా ఉంచడానికి చోటు లేదు. స్నానానికి వేరే నీళ్లు పెట్టలేదు. కాగుతున్న వావిలి నీళ్లనే చల్లార్చి పోశారు. మోకాలి కట్టు మాత్రం గంగులమ్మే విప్పింది. ఆకులు నల్లబడి చర్మానికి అతుక్కున్నాయి. ఒక్కొక్కటే తడిపి తీసింది. కింద వాపు దిగి ఉంది. చిప్ప గుండ్రంగా, వయసులో ఉన్నవాడిదిలా చేతికి తగిలింది. గుడ్డ ముంచి పిండి దాని మీద వేసి, చల్లబడేదాకా అలాగే అదిమి పట్టుకుంది. మగవాళ్లు తొందర చెయ్యలేదు.

శవాన్ని అదే డోలీ బొంగుకు కట్టి వంక అవతలి వల్లకాటికి మోసుకుపోయారు. ఆమె పొయ్యిలో కట్టెలు బయటికి లాగి, నీళ్లు చల్లి ఆర్పింది. బాన బోర్లించి, ఆకు గంప లోపల పెట్టడానికి ఇటు తిరిగింది.

బండ చివర వెంకటముని భుజం మెత్తను ఎవరో తీసిపెట్టి మరిచిపోయారు. బొంగు ఆనిన చోట గుంటపడి, చుట్టూ ఆరిన చెమట తెల్లటి ఉప్పుచారలు కట్టి ఉంది.