చలిమిడి ముద్ద

...చాప మీద కూచుంటే బొడ్డు కింద మళ్లా అదే బరువు, సూదులకి లోపల రెండు పక్కలా గుడ్లు పెరుగుతున్నాయంట, ఈ మందు చాల్లేదమ్మా, ఇంకో హార్మోన్ ఇంజెక్షన్ కూడా కలుపుతున్నా అంది నరసరావుపేట డాక్టరమ్మ, కలపండి, పొట్ట నాదే గదా, ఎదురుగా కుర్చీలో బసవమ్మ పిన్ని కోడలు నిఖిత, ఏడో నెల, సీమంతం గాజులు వేయించుకుంటా నవ్వుతుంది, ఎంత బాగుందో, దిష్టి తగులుద్దేమో, ఛీ, నా దిష్టేనా, నేనూ అట్టా అనుకుంటున్నానా.

లోపం నాది కాదు, ప్రవీణ్‌ది, వీర్యకణాలు చానా తక్కువ, మేమే ఒక్కో గుడ్డులోకి ఒక్కోటి పంపాలి అని డాక్టరమ్మ చెబుతుంటే మా ఆయన గోడకున్న క్యాలెండర్ చూస్తా కూచున్నాడు, మా అత్త సీతమ్మ కారెక్కగానే తేల్చేసింది, ఏమే బిందూ, ఈ మాట మన ముగ్గురు దాటకూడదు, రేపు సర్పంచిగా నిలబడేవాడు, ఊళ్లో నవ్వరూ, సరే అన్నా, మొగుడి మీద ప్రేమ కొద్దీ అన్నా, పిచ్చి మొహాన్ని, సూది పొడిచేటప్పుడు ఆయన కళ్లు మూసుకుంటాడు, పొడిచేవాడికి భయమంట, పొడిపించుకునేదానికి ఉండదంట, ఆమధ్య పెరుగు తోడుకొచ్చిన బసవమ్మ పిన్ని ఫ్రిజ్జులో నా సూదిమందు చూసి ఇదేందే సీతా అంటే, మా అత్త తడుముకోకుండా షుగరు వదినా మా కోడలికి అంది, అంతే, తెల్లారేసరికి ఊరంతా నాకు షుగరే, ఇంత చిన్న వయసులోనా, అందుకేనా కడుపు పండలా, పాపం ప్రవీణ్ ఎంత ఓర్పు గలవాడో, ఓర్పంట, నా పొట్ట మీద కమిలిన మచ్చలు ఎవడి ఓర్పు.

నిఖిత ఒళ్లో పెట్టిన చలిమిడి పంచుతున్నారు, పిల్లలు లేనిదానికి ముందు పెట్టండే, కడుపు చలవ అంటా బసవమ్మ పిన్ని ముద్ద తెచ్చి నా చేతిలో పెట్టింది, బెల్లం, నెయ్యి, కొబ్బరి వాసన, కళ్లల్లో నీళ్లు తిరిగినయ్, నేనూ ఆశపడ్డా, ఎందుకు పడకూడదు, అంతలో పక్కనుంచి చెయ్యొచ్చింది, మా అత్త చెయ్యి, అయ్యో వదినా దానికి షుగర్ గదా అంటా ముద్ద లాక్కుని పళ్లెంలో పడేసింది, అందరూ చూస్తున్నారు, అయ్యో పాపం అంటన్నారు, ఈవిడ మొహంలో బెదురన్నా లేదు, తనాడిన అబద్ధం తనే నమ్మేసింది, రేపు బిడ్డ పుట్టినా ఇదే మాట, రోగిష్టి కోడలికి ఎన్ని మందులు వాడించామో అంటారు, ఆ బిడ్డకీ అదే చెబుతారు, మీ అమ్మలో లోపమని, నా బిడ్డకి.

పళ్లెంలో ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నా, నాకు షుగర్ లేదు పిన్నీ, ఆ సూదులు పిల్లల కోసం, లోపం మీ ప్రవీణ్‌ది, అని నమలతానే చెప్పా, గాజుల చప్పుడు ఆగిపోయింది, మా అత్త మొహం తెల్లగా పాలిపోయింది, చానా తియ్యగా ఉంది చలిమిడి, ఇన్నాళ్లూ నేను మోసింది నా రోగం కాదు, వాళ్ల భయం.