తలుపు సందులో చెప్పు

సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, సబ్బు పెట్టాను. దుప్పటి కూడా మడిచి కుక్కుతుంటే కోడలు నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"అత్తయ్యా, నేను వెళ్ళేది పరీక్షకి. జైలుకి కాదు."

"అప్పుడు పోలీస్‌స్టేషనుకీ గంటలో వచ్చేస్తానన్నావు."

"వచ్చానుగా!"

"మర్నాడు."

సంచితో గడప దాటినవాళ్ళు తిరిగొస్తారంటే నాకు నమ్మకం తక్కువ. మా అమ్మ ఆసుపత్రికని వెళ్ళింది, మా ఆయన పనికని వెళ్ళాడు. ఇద్దరికీ సంచి సర్దింది నేనే. అందుకే ఈసారి నా చీర కూడా అందులో పెట్టేసి, నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు మా అబ్బాయి, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

"దుప్పటి మొయ్యడానికి," అంది కోడలు.

పెళ్ళయిన కొత్తలో ఆమె రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆడవాళ్ళు మధ్యలో బయటికి పోతారని, షిఫ్టు మొదలవగానే సూపర్‌వైజరు బయట తాళం వేసేవాడు. ఒకరోజు పొయ్యి పక్కన గోనెలంటుకుని పొగ కమ్మేసింది. తలుపు బాదీ బాదీ వీళ్ళ చేతులు వాచాయి. అదృష్టం బాగుండి ఎవరో బయట్నుంచి తాళం పగలగొడితే అందరూ బయటపడ్డారు. మర్నాడు ఈవిడ ఆ సూపర్‌వైజర్ని పిండి గోదాములో ఉంచి తాళం వేసింది. మనిషిని నిర్బంధించిందని కేసు పెట్టారు, నేరం రుజువైంది, జరిమానాతో వదిలేశారు.

వదిలింది కోర్టే. కేసు వదల్లేదు. బళ్ళో ఆయా పని, ఆసుపత్రిలో వార్డు పని, ఏదైనా సరే, పోలీసు విచారణ దగ్గరికొచ్చేసరికి చేతికందింది నోటికందేది కాదు. మా అద్దింటి ఓనరమ్మయితే కోడలి పేరే మార్చేసింది. "ఏం తాళమ్మా, ఈసారి ఎవర్ని బంధిస్తావ్?" అని మెట్ల మీద నిలబడి నవ్వేది.

ఇప్పుడు ఫైర్ సర్వీసులో ఆడవాళ్ళని తీసుకుంటున్నారు. వయసు లెక్కన కోడలికి ఇదే ఆఖరి అవకాశం.

పరీక్ష పెట్టిన ఊళ్ళో ఫైర్‌స్టేషను వెనక పెద్ద ఆవరణ. మధ్యలో ఒక సిమెంటు గది, దాన్నిండా పొగ. లోపలికి పాక్కుంటూ వెళ్ళి, మనిషంత బరువున్న బొమ్మని బయటికి లాక్కురావాలి. వెంట వచ్చినవాళ్ళం రేకుల కింద బెంచీల మీద కూర్చున్నాం. ఒక్కొక్క పిల్లా రయ్యిమని దూరేది, స్ప్రింగు తలుపు ధడేల్మని మూసుకునేది. కొంతమందికి వెనక్కొచ్చే దారి దొరక్క సిబ్బందే తలుపు తెరిచి బయటికి తెచ్చారు.

కోడలి వంతొచ్చింది. ఆమె వంగి, కాలి చెప్పు తీసి, తలుపు సందులో దోపింది.

"ఇల్లనుకున్నట్టుంది, చెప్పులు విడుస్తోంది!" అన్నాడు నా పక్కనాయన.

"నోరు మూసుకోవయ్యా," అన్నాను.

ఆ సందులోంచి కత్తిరించినట్టు ఒక వెలుగు చార లోపలికి పడుతోంది. ఆ వెలుగునే పట్టుకుని, బొమ్మ చంకల కింద చేతులేసి, వెనక్కి వెనక్కి ఈడ్చుకుంటూ వచ్చింది. ముఖం మసి, ఒక కాలు ఉత్తిది. పక్కనాయన చప్పట్లు కొట్టాడు.

"తలుపుకి అలా పెట్టమని ఎవరు చెప్పారమ్మా?" అని అడిగింది యూనిఫాంలో ఉన్న పెద్దాఫీసరు.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. రొట్టెల ఫ్యాక్టరీలో పొగలో చిక్కుకున్న రోజు నుంచీ మా ఆడవాళ్ళందరికీ ఇదే అలవాటు. తలుపు పూర్తిగా పడితే మాకు ఊపిరాడదు."

ఇంటర్వ్యూ గదికీ అలాగే చెప్పు పెట్టి వెళ్ళింది. అందువల్ల నాకు మొత్తం వినపడింది.

"శిక్ష పడిన కేసుందే," అన్నాడు పెద్దాఫీసరు పక్కన ఫైళ్ళు చూసే ఆయన. "మనిషిని లోపల పెట్టి తాళమేసినావిడని, మనుషుల్ని బయటికి తెచ్చే పనిలో ఎలా పెట్టుకుంటాం?"

నేను తలుపు దగ్గరికి ఇంకాస్త జరిగాను.

"తాళమేశాక మొదట సంతోషమేసింది సార్," అంది కోడలు. "తర్వాత అతను లోపల్నుంచి బాదుతుంటే నా చేతులే నొప్పెట్టాయి. నేనే తీశాను. పోలీసులొచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. తప్పే చేశాను. కానీ తలుపుకి లోపలుంటే ఎలా ఉంటుందో, బయటుంటే ఎలా ఉంటుందో, రెండూ తెలిసినదాన్ని."

లోపల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"పాత కేసు, చిన్న కేసు," అంది పెద్దాఫీసరు గొంతు. "ఇలాంటివి ఉన్నా తీసుకునే అధికారం మనకుంది. నేను తీసుకుంటున్నాను. ఎవరైనా అడిగితే నా దగ్గరికి పంపండి."

కోడలు బయటికొచ్చి నా ముందు నిలబడింది. అన్నీ విన్నా, నేను ఏమీ విననట్టే అడిగాను. "ఏమన్నారే?"

"యూనిఫాంకి కొలతలివ్వమన్నారు అత్తయ్యా!"

అని నన్ను అమాంతం ఎత్తేసింది. "దించవే, నడుం విరుగుతుంది!" అని అరిచాను గానీ, దించకపోయినా బాగుండుననిపించింది. బెంచీల మీదివాళ్ళంతా లేచి నిలబడ్డారు.

శిక్షణ మర్నాటి నుంచే మొదలైంది. స్టేషను వెనకే రెండు గదులిచ్చారు. మా అబ్బాయి ఆ నెలాఖరులో అద్దిల్లు ఖాళీ చేసి, కుట్టుమిషను వ్యానెక్కించుకుని వచ్చేశాడు. నేను గానీ కోడలు గానీ ఆ పాత ఇంటికి మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. మేమిద్దరం సంచితో ఆ గడప దాటింది జూన్ రెండో మంగళవారం పొద్దున, అంతే.