సత్రం దాటని వీరుడు

నేను ఒక ఆటను. బంతీ బ్యాటూ అక్కర్లేని ఆటను. అరచేతి కన్నా కాస్త పెద్దదైన నల్లటి ఫ్లాపీ నా ఇల్లు. దాన్ని కంప్యూటర్లో పెడితే టీవీ తెర మీద చుక్కలతో గీసిన కొండలు, అడవి, ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక సత్రం కనిపిస్తాయి. ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, ఒకప్పుడు నన్ను చూసి నోళ్ళు వెళ్ళబెట్టినవాళ్ళూ ఉన్నారు.

నన్ను రాసినవాడు ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో సరైన తిండీ నిద్రా లేకుండా పద్నాలుగు నెలలు కూర్చున్నాడు. తాను తినలేదన్న కచ్చతోనేమో, తిండి విషయంలో నాకు కఠినమైన నియమం పెట్టాడు. ఆడేవాళ్ళు ఒక్కరే, వీరుడూ ఒక్కడే. నడిచినా, ఊరికే నిలబడినా వాడి తిండి తరుగుతుంది. తిండి సున్నా అయితే ప్రాణం తరుగుతుంది. ప్రాణం పోతే వాడి పేరు నాలోంచి చెరిగిపోతుంది, ఇక రాదు. సత్రంలో పడుకున్నప్పుడు మాత్రం ఆకలి ఉండదు. అప్పటిదాకా జరిగిందంతా అప్పుడే నాలో రాసి పెట్టుకుంటాను. ఇక కథంటారా, గుహ అడుగున ఒక రాక్షసుడున్నాడు. వాణ్ణి చంపితే దారి తప్పిన బాటసారులంతా క్షేమంగా ఇళ్ళు చేరతారు.

సన్యాసిరావుది విశాఖపట్నం. సరుకుల ఓడ మీద రేడియో ఆఫీసరు. ఎనభై నాలుగులో సింగపూర్లో ఒక పాత కంప్యూటరు కొని, నన్ను లుంగీల మధ్య చుట్టి తెచ్చాడు. వీరుడి పేరేమిటని తెర మీద అడిగాను. వీరుడయ్యే అవకాశం ఊరికే వస్తే మనిషి పక్కవాడికి ఎందుకిస్తాడు? ‘సన్యాసి’ అని తన పేరే కొట్టాడు. సెలవున్న రెండు నెలల్లో భార్య నూకరత్నానికి ఆట నేర్పాడు. “మధ్యలో మాత్రం కరెంటు ఆపకు, మొత్తం పాడైపోద్ది” అని వందసార్లు చెప్పి మళ్ళీ ఓడెక్కాడు.

ఇంట్లో మిగిలింది నూకరత్నం, అత్తగారు వరహాలమ్మ. వరహాలమ్మకు చదువు రాదు గానీ అంకెలు బాగా వచ్చు. ఒక మధ్యాహ్నం చింతపండులో గింజలు తీస్తూ తెర వంక చూసింది.

“ఒలే నూకా, ఆ మూల అంకె తగ్గిపోతంది, ఏటది?”

“తిండి అత్తా. ఈయన నడిచినకొద్దీ తగ్గుతాది.” తెర మీద ఉన్నది తొమ్మిది చుక్కల బొమ్మే అయినా మొగుడి పేరు పలకదు ఆ ఇల్లాలు.

“అయిపోతే?”

నూకరత్నం తెర మీది అంగట్లో కత్తి కొనబోతూ మీట మీంచి వేలు తీసేసింది.

“కత్తీ వద్దు, గిత్తీ వద్దు. ముందు నా బిడ్డకి తిండి కొను.”

ఆ రోజుతో నా బతుకు మారిపోయింది. ప్రపంచమంతా కత్తులూ కవచాలూ కొనుక్కుంటుంటే, ఆ ఇంట్లో నా వీరుడు చిరుగుల చొక్కాతో ఊరి చుట్టూ ఎలకల్ని కొట్టి, వచ్చిన నాణేలన్నీ పెట్టి తిండి కొనేవాడు. సాయంత్రానికి సత్రంలో పడుకునేవాడు. వరహాలమ్మ అంకె చూసి, “ఇంక పడుకో నాయినా” అని లేచేది. నాకు మొదట్లో తలకొట్టేసినట్టుండేది. తర్వాత తర్వాత ఆ మాట కోసం ఎదురుచూడటం అలవాటైంది.

పదిహేను రోజులకొకటి వచ్చే సన్యాసిరావు ఉత్తరాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఒక వారం, రెండు వారాలు, ఏడు వారాలు. ఓడల కంపెనీవాళ్ళని అడిగితే “వస్తాయిలేమ్మా” అన్నారు. ఊళ్ళకి ఊళ్ళ కబుర్లు మోసే రేడియో మనిషి కబురే లేదు. అత్తాకోడళ్ళు ఒకరి ముందు ఒకరు ఏడవడం మానుకున్నారు. దానికన్నా ఏడుపే నయం.

అప్పుడే నూకరత్నం ఆ పని చేసింది. అత్తగారు కూరగాయలకు వెళ్ళిన సమయం చూసి, వీరుణ్ణి సత్రంలోంచి లేపి గుహ వైపు నడిపించింది. రాక్షసుడు చస్తే దారి తప్పినవాళ్ళు ఇళ్ళు చేరతారని నేనే చెప్పాను కదా. ఇది ఆట అని ఆమెకు తెలియక కాదు. తెలిసినా చెయ్యి ఊరుకోలేదు. నేను అంత బాధ్యత మోయగలదాన్ని కానని చెబుదామంటే నాకు నోరు లేదు.

గుహలో దారి తప్పింది. తిరిగిన చోటే తిరిగింది. నాలుగు వందల పైచిలుకు తిండి అరవై అయింది, పది అయింది, సున్నా అయింది. ప్రాణం తొమ్మిది, ఎనిమిది. ఆమె నడిపించడం ఆపేసింది. ఆగినా నా లెక్క ఆగదు. ఏడు, ఆరు. తలుపు చప్పుడైంది. వరహాలమ్మ సంచీతో గుమ్మంలో నిలబడి అంకె చూసింది.

“తిండేది?”

“అయిపోయింది అత్తా. నేనే, నేనే తీసుకెళ్ళిపోయాను.”

“ఆపీయే!”

“ఆపకూడదు, మధ్యలో ఆపితే మొత్తం పాడైపోద్దని చెప్పారు!”

మూడు. రెండు. నేను చెరిపెయ్యడానికి సిద్ధమవుతున్నాను. అది నా నియమం, ఇష్టం కాదు. వరహాలమ్మ సంచీ కింద పడేసి, గబగబా వెళ్ళి గోడ మీది మెయిన్ ఆపేసింది. ఉరుములొచ్చినప్పుడు ఆపేసినట్టే.

మర్నాడు పొద్దున్న నూకరత్నం కళ్ళు గట్టిగా మూసుకుని నన్ను కంప్యూటర్లో పెట్టింది. నేను చివరిసారి రాసుకున్నదే చూపించాను. సన్యాసి, సత్రం, తిండి నాలుగు వందల పన్నెండు. ఆమె అత్తగారిని పట్టుకుని ఏడ్చింది, ఈసారి ఇద్దరూ కలిసే ఏడ్చారు. నన్ను రాసినవాడు దీన్ని మోసం అంటాడు. పిల్లాణ్ణి ఇంట్లోకి పిలుచుకోవడం మోసమెలా అవుతుందో నాకు అర్థం కాదు.

తొమ్మిదో వారంలో మూడు ఉత్తరాలు ఒక్కసారే వచ్చాయి. ఏదో రేవులో సమ్మె జరిగి, తపాలా సంచీలో పడి ఉన్నాయట! ఇంత గుండెకోతకు కారణం ఒక గోనెసంచీ.

సన్యాసిరావు ఇంటికొచ్చి నన్ను తెరిచి పకపకా నవ్వాడు. చిరుగుల చొక్కా, చేతిలో కర్ర, తిండి మాత్రం తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. అంతకు మించి లెక్క నాకు రాదు. “ఏటమ్మా ఇది, నన్ను ఇలా చేశారు? ఉండండి, రాక్షసుడి సంగతి నేను చూస్తాను” అంటూ కుర్చీ లాక్కున్నాడు.

వరహాలమ్మ అతని చెయ్యి పట్టుకుంది. “ఇంట్లో ఉన్నోణ్ణి మళ్ళీ ఎక్కడికి పంపుతావురా?”

అతని నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా నన్ను బయటికి తీసి, కవరులో పెట్టాడు.

తను మాత్రం మళ్ళీ ఓడెక్కాడు, చాలాసార్లు. ఎక్కక తప్పదు కదా. కంప్యూటరు పాతసామాన్లవాడికి పోయింది. నేను దారపు ఉండలూ గుండీలూ ఉన్న బిస్కెట్ల డబ్బాలో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను. వరహాలమ్మ పోయిన రోజు నూకరత్నం ఎందుకో ఆ డబ్బా తీసి, నన్ను ఒకసారి తడిమి పెట్టింది.

మొన్న హైమవతి అనే ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు పాత కంప్యూటర్లు సేకరించి అద్దాల బీరువాలో పెడుతోందని తెలిసి, ఆలుమగలిద్దరూ నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. నా వయసుకి ఇంకా చదవగలనని నాకే నమ్మకం లేదు. రెండుసార్లు గీపెట్టి, మూడోసారి చదివాను. సత్రం కనిపించింది. సన్యాసి. తిండి 9,999.

“భలే ఉంది సార్! రాక్షసుడు ఇంకా బతికే ఉన్నాడు. ముందుకు నడిపించనా?” హైమవతి వేలు మీట మీద ఉంది.

నెరిసిన తల సన్యాసిరావు మీటకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దమ్మా. మా అమ్మ ఇంట్లోనే ఉండమంది.”